గ్లైడరు – పారాచూటు

యంత్రము లేని విమానమునకు గ్లైడరని పేరు. గ్రద్ద రెక్క కదల్పక ఆకసమున చుట్లు తిరుగుచుండుట మీరు చూచియే యుందురు. ఎండకు వేడెక్కి పైకి లేచు గాలి దానిని మోయుచుండును. గ్లైడరును ఆ గాలినే నమ్ముకొని గంటల తరబడి తేలగలదు. యంత్రమే లేనప్పుడు చెడుట కేమున్నదని కొందరందురు. రెక్కను పట్టియుంచు చీల యొక్కటి ఊడిన చాలును. యంత్రమున్నను లేకున్నను ఫలమొక్కటియే.

ఈ విద్యకు ఆద్యులైన వారిలో జర్మనీ దేశస్థుడు ఆటో లిలియెంటాల్ ముఖ్యుడు. 1848లో జన్మించిన యీ యంత్రశిల్పి కొంగల యెగురుటను ఏండ్ల తరబడి పరిశీలించి 1889లో ఒక గ్రంథము వ్రాసెను. పిదప విల్లో కర్రల చట్రమునకు గుడ్డ బిగించి, దానిని చేతులతో పట్టి, కొండవాలున గాలి కెదురుగా పరుగిడి లేచుచుండెను. సుమారు రెండువేల మార్లు ఇట్లెగిరెను. గ్లైడరును త్రిప్పుటకు ఆయనకున్న సాధనమెల్ల తన శరీరమే; కాళ్లనూపి బరువును అటునిటు మార్చవలసినదే. 1896 ఆగస్టు 9వ తేదీన ష్టోల్న్ గ్రామము చెంత ఎగురుచుండగా గ్లైడరు మూతి పైకి లేచి, గాలిలో నిలిచిపోయి, సుమారు 15 మీటర్ల యెత్తునుండి కూలెను. మెడయెముక విరిగి ఆయన మరునాడు బెర్లినులో మరణించెను. అంతకు ముందొకమారు పడినప్పుడు, గ్లైడరు ముందు వంచి కట్టిన విల్లో బద్ద దెబ్బను తాను తిని ఆయనను బ్రతికించియుండెను. ఇక పారాచూటన్నచో, అంత తక్కువ యెత్తున అది విచ్చుకొనుటకే వ్యవధి చాలదు.

కావున రక్షణ నేలమీదనే మొదలగును. నేటి గ్లైడరు రెక్కలను విప్పి పొడవైన బండిలో ఉంచుదురు. ఎగురుటకు ముందు మరల బిగింతురు. ప్రమాదమునకు చోటిక్కడనే కలదు. రెక్కలను బిగించిన చీలలు పూర్తిగా దిగినవా, వానికి అడ్డుముల్లు పెట్టినారా, చేతికర్రనుండి రెక్కల అంచులకును తోకకును పోవు కడ్డీలు కలిసినవా యని చూడవలెను. కంటితో చూచిన చాలదు. ఒకడు రెక్క అంచును గట్టిగా పట్టుకొనగా, మరొకడు లోపల కూర్చుండి చేతికర్రను కదల్పవలెను. కడ్డీ కలియనిచో కర్ర అడ్డులేక కదలును, గుట్టు బయటపడును. బిగించుచున్నవానిని మాటలలో దింపుట మంచి పని కాదు. ఒక చీల పెట్టి రెండవది మరచుట అట్టి వేళలనే జరుగును.

చోదకుడు పారాచూటును వీపున కట్టుకొని కూర్చుండును. అది దిండువలె ఆనుకొనుటకు హాయిగా నుండును గాని దిండు కాదు. తడి తగులరాదు, నూనె తగులరాదు. నియమిత కాలమున శిక్షణ పొందినవాడు విప్పి, ఆరవేసి, మరల మడువవలెను. దూకవలసి వచ్చినప్పుడు అద్దపు మూతను తోసివేయుట, ఆసనపు పట్టెడలను విప్పుట, బయటికి దూకుట, విమానమునకు దూరమైన పిదప పిడిని లాగుట, ఇదియే వరుస. ఇందొక చిక్కు కలదు. ఆసనపు పట్టెడలును పారాచూటు పట్టెడలును రెండును రొమ్ము మీదనే యుండును. కంగారులో ఒకదానికి బదులొకటి విప్పినవాని గతి చెప్పనక్కరలేదు. అందుచేతనే ప్రతిదినమును నేల దిగినప్పుడు పారాచూటుతోనే వెలుపలికి వచ్చి, ఆ పిదపనే దానిని విప్పు అలవాటు చేసికొందురు.

కంగారు ఎట్టిదో హెరాల్డ్ హారిస్ కథవలన తెలియును. 1922 అక్టోబరు 20వ తేదీన అమెరికాలోని డేటన్ నగరమున ఆయన ఒక యంత్రవిమానమును పరీక్షించుచుండగా చేతికర్ర విపరీతముగా అదరి, రెక్క చీలిపోసాగెను. హారిస్ బయటపడి పిడికై తడవుకొనెను. మూడుమార్లు లాగెను, మూడుమార్లును చేతికందినది కాలిపట్టెడ! ఎట్టకేలకు పిడి దొరికి, భూమికి సుమారు 500 అడుగుల యెత్తున పారాచూటు విచ్చుకొనెను. ఆయన ఒక యింటి పెరటిలోని ద్రాక్షపందిరి మీద దిగెను.

ఆ కాలపు పారాచూట్లు పట్టుతో నేసినవి. కనుక ఇట్లు ప్రాణము దక్కించుకొన్నవారి సంఘమునకు గొంగళిపురుగు పేరు పెట్టి, సభ్యులకు బంగారు పురుగు బొమ్మగల సూదిని ఇచ్చుచుండిరి.