గేజ్ తీసి చూశావటే, చెల్లీ?

చెల్లీ, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. బానెట్ ఎత్తి, ఆయిల్ గేజ్ బయటికి లాగి చూసి ఎన్నాళ్లయింది? ‘సర్వీసుకిచ్చాం కదక్కా, మొన్ననేగా’ అంటావు. మొన్నంటే పోయిన దసరా ముందు. ఈలోపు లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన నీ వ్యాగన్‌ఆర్ ఎంత ఆయిలు తాగేసిందో దానికి తెలుసు, నీకే తెలీదు.

కొత్త బండి సంగతి వేరు. ఆయిలు పోసి మరిచిపోయినా మళ్లీ సర్వీసు దాకా నెట్టుకొస్తుంది. పాతదానికి లోపల పిస్టన్ రింగులు అరిగో, మసి పట్టి బిగుసుకుపోయో ఉంటాయి. వాల్వుల దగ్గరి రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి. పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ చెమరుస్తూ ఉంటుంది. కొంత కాలిపోతుంది, కొంత కారిపోతుంది. అందుకే పాత బండికి ఆయిలు మార్చడం ఎంత అవసరమో, మధ్యలో చూసుకుంటూ ఉండటం అంతకన్నా అవసరం అంటాను నేను. ఆ చూసే అలవాటు ఊరికే చెబితే రాదు. ఒక్కసారి నీ చేత్తో ఆయిలు మార్చి చూడు, తర్వాత గేజ్ తియ్యకుండా నువ్వే ఉండలేవు.

డబ్బు బోలెడు మిగులుతుందని మాత్రం ఆశ పడకు. ఆయిలు కొనక తప్పదు, ఫిల్టరు కొనక తప్పదు. మిగిలేది కూలి ఒక్కటే. మొదటిసారి పానాలకూ స్టాండ్లకూ అదీ ఖర్చయిపోతుంది. నీకు దక్కేదేమిటంటే, బండిలో ఏ ఆయిలు పడిందో, ఎంత పడిందో కళ్లారా చూస్తావు. బిల్లు మీద మారిన ఫిల్టరు బండికి మారకపోవడం మన ఊళ్లలో వింతేమీ కాదుగా!

ఆయిలు ఎంచుకోవడం దగ్గరే సగం పేచీ. 2010 నుంచి వ్యాగన్‌ఆర్‌లో వచ్చిన కె-సిరీస్ ఇంజిన్‌కు 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిలు వాడతారు. మెకానిక్ ఏమంటాడు? ‘పాత ఇంజిన్ కదమ్మా, చిక్కటిది పోద్దాం, 20డబ్ల్యూ-50 అయితే పొగ ఆగుతుంది’ అంటాడు. ఆగుతుంది, కొన్నాళ్లు. కానీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిలు పై భాగాలకు ఎక్కడానికి ఆలస్యమవుతుంది. ఇంజిన్ ఎక్కువగా అరిగేది సరిగ్గా ఆ క్షణాల్లోనే. నిజంగా ఆయిలు తగ్గుతోందని గేజ్ చెబితే, మాన్యువల్ ఒప్పుకున్న వాటిలో ఒక మెట్టు చిక్కనిది పొయ్యి. అంతకు మించి సాహసం వద్దు. అమెరికాలో ఎక్కువ తిరిగిన కార్ల కోసమే ప్రత్యేకంగా ఆయిళ్లు అమ్ముతారు. వాల్వొలీన్ వాళ్లు 2000లో మ్యాక్స్‌లైఫ్ తెచ్చారు, 75 వేల మైళ్లు, అంటే మన లెక్కలో లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటిన బండ్లకని. ఎండిపోయిన సీళ్లను మెత్తబరిచే మందు అందులో ఉంటుంది. చిన్న చెమ్మకు పనికొస్తుందేమో గానీ, అరిగిన రింగును ఏ ఆయిలూ బాగుచెయ్యదు.

కొనేటప్పుడు సీలు చూసి కొను, బిల్లు తీసుకో. నకిలీ ఆయిలు తిరిగేది మంచి కంపెనీ ఖాళీ డబ్బాల్లోనే. అందుకే పని అయ్యాక నీ ఖాళీ డబ్బాను కత్తితో కోసి గానీ పాత సామాన్లవాడికి వెయ్యకు.

ఇక బండి కిందికి దూరే సంగతి. ఇక్కడ మాత్రం అక్కరికం పక్కన పెట్టి కాస్త అత్తరికం చేస్తాను. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికే. ఒట్టి దాని మీద బండిని లేపి కిందికి తల కూడా పెట్టకు. సిమెంటు ఇటుకలు పేరుద్దామని వాచ్‌మన్ సలహా ఇస్తాడు, వినకు. ఆ ఇటుక ముందు చెప్పి పగలదు. స్టాండ్ల జత గానీ, చక్రాలు ఎక్కించే ర్యాంపులు గానీ కొనుక్కో. నేల సమంగా ఉండాలి, సెల్లార్ వాలు మీద పని పెట్టుకోవద్దు. హ్యాండ్‌బ్రేకు, ఫస్ట్ గేరు, వెనక చక్రాలకు అడ్డం. చున్నీ తీసి పక్కన పడెయ్యి, జడ ముడి వేసుకో, గాజులూ ఉంగరాలూ ఇంట్లోనే ఉంచు. ఇంత తంతు మా అపార్ట్‌మెంట్లో కుదరదంటావా, వాటర్ సర్వీసింగ్ షెడ్డుకు తీసుకెళ్లి, ర్యాంపు మీద ఒక అరగంట చోటిమ్మని అడుగు. డబ్బులిస్తామంటే కాదనేవాళ్లు తక్కువ.

ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపు. పావుగంట ఆగితే ఆయిలు చెయ్యి కాలనంత వేడికి దిగుతుంది, అడుగున చేరిన మురికితో సహా జారుతుంది. పైన ఆయిలు పోసే మూత తెరిచి ఉంచితే ధార సాఫీగా వస్తుంది. రబ్బరు గ్లౌజులు తప్పకుండా వేసుకో, వాడేసిన ఆయిలు ఒంటికి మంచిది కాదు. డ్రెయిన్ బోల్టుకు సరిగ్గా పట్టే రింగ్ పానాయే వాడు. స్క్రూ పానాతో తిప్పితే బోల్టు తల గుండ్రమైపోతుంది. కదిలాక మిగతా మరలు వేళ్లతో విప్పు, విప్పుతున్నంతసేపూ బోల్టును లోపలికే నొక్కి పట్టుకో. ఆఖరి మర వదిలిందని వేలికి తెలుస్తుంది. అప్పుడు చటుక్కున పక్కకు లాగెయ్యి. మొదటి ధార నిలువుగా పడదు, ఏటవాలుగా ఎగిరి దూరంగా పడుతుంది. అందుకని టబ్బు బోల్టుకు సరిగ్గా కింద కాకుండా కాస్త అవతలికి జరిపి పెట్టు. ధార సన్నబడి, చుక్కలై, ఆ చుక్కలూ ఆగేదాకా కదిలించకు.

ఆ ఆయిల్లోకి ఓపిగ్గా చూడాలి తెలుసా, సర్వీసు సెంటర్లో నీకు చూపించనిది ఇదే. నల్లగా ఉందని బెంగపడకు. మసిని తనలో కలుపుకోవడం ఆయిలు పని, నల్లబడిందంటే ఆ పని చేసినట్టే. పాలెక్కువైన టీ రంగులో ఉంటే మాత్రం నీళ్లో కూలెంటో కలుస్తోందన్నమాట, హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకుని బండిని కదపకుండా మెకానిక్‌ను పిలువు. (చలికాలంలో మూత అడుగున మాత్రమే కాస్త తెల్లని నురగ కనిపిస్తే అది దగ్గర దూరాలు తిరిగే బండికి పట్టే చెమ్మ, భయం లేదు.) పెట్రోలు వాసన ఘాటుగా కొడితే పెట్రోలు కిందికి దిగుతోంది. గ్లౌజు మీద ఒక చుక్క వేసి ఎండలో తిప్పు. సన్నటి మెరుపు పాత ఇంజిన్‌కు ఉండొచ్చు గానీ, వేలికి తగిలే లోహపు పొలుసులుంటే బేరింగులు అరుగుతున్నాయి. ఎన్ని లీటర్లు దిగిందో కొలవడం మరిచిపోకు. పోసిందెంతో తెలుసు కాబట్టి, తాగిందెంతో అక్కడే తేలిపోతుంది.

ఫిల్టరు విప్పగానే దాని రబ్బరు రింగు దానితోనే వచ్చిందో లేదో చూడు. ఒక్కోసారి అది ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్త ఫిల్టరు బిగిస్తే రింగు మీద రింగు పడి, స్టార్ట్ చెయ్యగానే ఆయిలంతా నేలపాలు. కొత్త రింగుకు వేలితో కాస్త కొత్త ఆయిలు రాసి, అది తగిలేదాకా చేత్తో తిప్పు, తగిలాక ఇంకో ముప్పావు చుట్టు. పానా అక్కర్లేదు. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేసి, ముందు వేళ్లతోనే ఎక్కించు. వేళ్లకు ఎక్కకపోతే మర తప్పిందన్నమాట, విప్పి మళ్లీ పెట్టు. సుజుకీ చిన్న ఇంజిన్లకు చెప్పే బిగింపు 35 న్యూటన్ మీటర్లు. టార్క్ పానా లేకపోతే పొట్టి పానాతో, ఒక చేత్తో, బిర్రుగా అనిపించేదాకా చాలు. మగవాళ్లు సత్తువ చూపించి మరలు పోగొట్టిన ఆయిల్ చాంబర్లు ఆటోనగర్ నిండా ఉంటాయి. మీ బావగారికి ఈ వాక్యం చదివి వినిపించకు.

ఈ ఇంజిన్‌కు పట్టేది మూడు లీటర్లకు అటూ ఇటూ. ముందు రెండున్నర పోసి, తర్వాత గేజ్ చూస్తూ పోసుకో. ఎక్కువైనా మంచిది కాదు, క్రాంక్ తగిలి నురగ కడుతుంది. స్టార్ట్ చేసి, ఎర్ర లైటు ఆరిందని చూసుకుని, కింద ఎక్కడైనా కారుతోందా అని టార్చి వెయ్యి. బండిని నేలకు దింపి, ఐదు నిమిషాలాగి గేజ్ మళ్లీ చూడు.

‘లోపల కడిగే ఫ్లష్ వేయించమంటున్నారక్కా’ అంటావేమో. ఏళ్ల తరబడి పట్టించుకోని బండికైతే వద్దే వద్దు. పేరుకున్న మడ్డి ఒక్కసారిగా లేచి ఆయిలు పీల్చుకునే జల్లెడకు అడ్డం పడుతుంది. దానికి బదులు రెండు మూడుసార్లు ఐదువేల కిలోమీటర్లకే మార్చు, మెల్లగా అదే శుభ్రపడుతుంది. ఆ తర్వాత పదివేలకో ఏడాదికో, ఏది ముందొస్తే అది.

దించిన ఆయిల్ని కాలవలో పొయ్యకు తల్లీ. ఒక్క కారు పాత ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. చెదలు పట్టకుండా కొయ్యకు పూస్తామనీ, సెంట్రింగ్ పలకలకు రాస్తామనీ అడిగేవాళ్లుంటారు, ఇవ్వకు. మూత గట్టిగా ఉండే డబ్బాలోకి వంపి, డ్రమ్ములో పోగుచేసి రీసైక్లింగ్‌కు ఇచ్చే గ్యారేజీలో అప్పజెప్పు. చేతులకు అంటిన జిడ్డుకు ముందు కొబ్బరినూనె, ఆ మీదట శనగపిండి. సబ్బుతో మొదలుపెడితే గోళ్ల సందుల్లో నలుపు వారం పోదు.

ఇప్పుడు అసలు పని మొదలు. రెండు ఆదివారాలకోసారి, పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గేజ్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడు. కింది గీతకూ పై గీతకూ మధ్య ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. డాష్‌బోర్డు మీది ఎర్ర లైటు చెబుతుందిలే అనుకోకు. ఆ లైటు చెప్పేది ఆయిలు మట్టం గురించి కాదు, ప్రెజర్ గురించి. అది వెలిగేసరికి అంతా అయిపోయి ఉంటుంది. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చెయ్యగానే ఒకసారి నీలిపొగ వదిలితే వాల్వు సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వదిలితే రింగులు. రింగులన్నారు కదా అని ‘ఇంజిన్ దించి బోరు చెయ్యాలి’ అంటే వెంటనే తలూపకు. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు తాగుతోందనుకో, నాలుగువేలకు ఒక లీటరు. ఆ లీటరు ధర ఒకవైపు, బోరు పని ఖర్చు ఒకవైపు రాసుకుని చూడు. నేనైతే డబ్బాలో మిగిలిన అర లీటరు డిక్కీలో పెట్టుకుని తిరుగుతాను.