బిగింపులో భౌతికశాస్త్రం

ప్రాక్టికల్ రికార్డులో "దోష శాతం" అని చివర్లో ఒక లెక్క రాస్తాం. చాలామందికి అది మార్కుల కోసం నింపే గడి. దాని అసలు విలువ తెలియాలంటే టింకరింగ్ షెడ్డుకి వెళ్ళాలి. పాత పికప్ బండి ముందుభాగం విప్పి, తుప్పు వదిలించి, మళ్ళీ బిగించే పనిలో ఆ లెక్క కళ్ళకి కనబడుతుంది.

1947 నుంచి 1955 మొదట్లో దాకా దాదాపు ఒకే రూపంలో తయారైన షెవర్లే 3100ని ఉదాహరణగా తీసుకుందాం. అమెరికా కంపెనీయే అయినా దాని బళ్ళు మనకి కొత్తవి కావు; 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోనే వాటిని బిగించారు. మా తాతయ్య సెకండ్‌హ్యాండులో కొన్నది ఈ రకమే. మిరప బస్తాలు మోసి మోసి చివరికి పశువుల కొట్టం పక్కన నిలబడిపోయింది. నాన్న తుక్కు కింద తూకానికి వేసేద్దామన్నారు. కిందటి వేసవి సెలవుల్లో మా టౌను మేస్త్రి చెబుతుంటే దగ్గరుండి బిగించాను.

ముందుభాగం ఒకే రేకు కాదు. రేడియేటర్‌ని పట్టుకునే చట్రం, రెండు మడ్‌గార్డులు, వాటి లోపలి రేకులు, గ్రిల్లు, బానెట్ - అన్నీ విడివిడి ముక్కలు. వీటిలో సర్దుబాటు కావలసినచోట రంధ్రం బోల్టు కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది. కావాలనే అలా పెట్టారు. కానీ ఆ సందులోనే దోషం కూడా దూరుతుంది. ఒక్కో అతుకు దగ్గర అంగుళంలో పదహారో వంతు పక్కకి జరిగిందనుకోండి. అయిదు అతుకులూ ఒకే వైపు జరిగితే మొత్తం దాదాపు 8 మిల్లీమీటర్లు! అదంతా చివర వచ్చే బానెట్ దగ్గర బయటపడుతుంది.

అందుకే వరస ముఖ్యం. మొదట క్యాబిన్ ఛాసిస్ మీద రబ్బర్లతో సరిగ్గా కూర్చోవాలి, తలుపులు సాఫీగా పడాలి. తలుపు అంచే మనకి మూలరేఖ. తర్వాత రేడియేటర్ చట్రం, ఆపైన మడ్‌గార్డులు, లోపలి రేకులు, గ్రిల్లు. ఈ దశలో పానా ముట్టుకోకూడదు. ప్రతి బోల్టూ చేత్తో రెండు మూడు మరలు తిప్పి వదిలెయ్యాలి.

ఇప్పుడు టేపు తియ్యండి. క్యాబిన్ ఎడమ మూల నుంచి చట్రం కుడి మూలకి, కుడి నుంచి ఎడమకి కొలవండి. ముందు వెడల్పు తక్కువైనా ఫరవాలేదు, రెండు పక్కలూ సమానమైన ట్రెపీజియంలో కర్ణాలు సమానం. హైస్కూలు లెక్కే! కొలతలు కలవకపోతే కలిసేదాకా చట్రాన్ని జరపాలి.

బానెట్ ఇద్దరు మనుషులు ఎత్తి పెట్టాలి. నెమ్మదిగా మూసి రెండు పక్కలా సందు చూడాలి. ఒకవైపు హెచ్చుతగ్గులుంటే చట్రం కింద సన్నటి రేకు ముక్క పెడితే సర్దుకుంటుంది. సందు సమానమయ్యాకే పానా. తలుపు వైపు నుంచి ముందుకి, ఎడమ ఒకటి కుడి ఒకటిగా, కొంచెం కొంచెం బిగించాలి. బానెట్ కొక్కెం పడుతోందో లేదో పదిసార్లు చూడాలి. రోడ్డు మీద అది ఊడి లేస్తే డ్రైవరుకి ఎదర ఏమీ కనపడదు.

ఇది అందం కోసమేనా అంటారేమో. కాదు. కలవని రంధ్రాలని గునపంతో గుంజి బిగిస్తే రేకులో బిగువు ఉండిపోతుంది. హుక్ సూత్రం ఊరుకుంటుందా! ఆ లాగుడు రేడియేటర్ చట్రం మీద పడుతుంది. మా ఊరి గతుకుల్లో ప్రతి కుదుపుకీ రేడియేటర్ అతుకులు అదురుతాయి. ఒకనాటికి నీళ్ళు కారి, ఇంజను వేడెక్కి, సరుకుతో సహా బండి నడిరోడ్డున ఆగిపోతుంది. ఆరోజు మార్కెట్ ధర రైతు కోసం కాచుకుని కూర్చోదు.

ఇంకో మాట. పెయింటు విద్యున్నిరోధకం. హెడ్‌లైటు కరెంటు బాడీ ద్వారానే బ్యాటరీకి తిరిగి వెళ్తుంది కనక, ఎర్త్ తీగ బిగించేచోట రంగు గీకాలి. లేకపోతే కొత్త బల్బు వేసినా మిణుగురు వెలుగే.

మా మేస్త్రి అయిదో తరగతితో ఆపేశారు. "అన్నీ కూర్చున్నాకే ఏదైనా బిగించాలి బాబూ" అన్నది ఆయన మొదటి పాఠం. తుక్కు కొట్టుకి వెళ్ళవలసిన బండి ఇప్పుడు మా పొలానికి ఎరువులు తెస్తోంది. ఆ మేస్త్రికి డెబ్బయ్యేళ్ళు, శిష్యులెవరూ లేరు. మన ఊళ్ళల్లో ఇలాంటి పనివాళ్ళు ఇంకా ఎందరున్నారో! సెలవులకి వెళ్ళే సైన్సు విద్యార్థులు ఒక్కొక్కరూ ఒక్కొక్కరి పని దగ్గర కూర్చుని, కొలతలతో సహా రాసి తెస్తే, వచ్చే ఏడు ఈ సంచికకి వ్యాసాల కొరత ఉండదు.