నేల వణుకును చదివే కొలువు

ఉత్తర దిక్కు చూసుకుని, లెవల్ సరిచేసి సెన్సర్‌ను నేల మీద పెట్టాలి. ఆపైన అరగంట పాటు దాని పక్కన ఎవరూ నడవకుండా కాపలా కాయాలి. ఇంజినీరింగ్ సీస్మాలజీలో ఫీల్డు పని చాలాసార్లు ఇంతే. బోరు వేయరు, పేలుడు పెట్టరు. నేల ఎలాగూ కంటికి కనబడనంత సన్నగా ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, ఆ కదలికనే రికార్డు చేస్తారు. అందులో సుమారు 1 హెర్ట్జ్‌కు దిగువన ఉండేది ఎక్కువగా సముద్రపు అలలు, గాలుల ప్రభావం. అంతకు పైన లారీలు, రైళ్లు, మోటార్లు, మన అడుగులు. 2020 లాక్‌డౌన్‌లో ఈ మనుషుల రొద సగం దాకా తగ్గిందని అదే ఏడాది ‘సైన్స్’ పత్రికలో పరిశోధకులు లెక్కలతో సహా చూపించారు.

ఈ రొదతో ఏం పని? దానికి జవాబు మెక్సికో సిటీలో ఉంది. 1985 సెప్టెంబరు 19న పసిఫిక్ తీరంలో 8.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రాజధాని అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ వేలమంది చనిపోయారు. నష్టమంతా దాదాపు ఒక్కచోటే జరిగింది, పాత సరస్సు పూడిపోయి మిగిలిన మెత్తటి బంకమట్టి మీద. ఆ మట్టి చాలాచోట్ల 2 సెకన్లకోసారి ఊగే స్వభావం ఉన్నది. ఆ ఊపుకు 6 నుంచి 15 అంతస్తుల భవనాలు బాగా దెబ్బతిన్నాయి. అదే నగరంలో గట్టి నేల మీద కట్టినవి చాలావరకు నిలబడ్డాయి. భూకంపం లేని మామూలు రోజున సెన్సర్ పెట్టినా ఆ 2 సెకన్ల జాడ రికార్డులో కనబడుతుంది. ముందే తెలుసుకోగలిగిన సంగతి కాబట్టే దీని చుట్టూ ఒక వృత్తి పుట్టింది.

జపాన్ ఇంజినీరు నకమురా 1989లో ప్రచారంలోకి తెచ్చిన హెచ్/వీ పద్ధతి ఇక్కడ ఓనమాలు. అడ్డు కదలికను నిలువు కదలికతో భాగించి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం వస్తుందో చూస్తారు. షియర్ తరంగ వేగాన్ని మట్టి మందానికి నాలుగు రెట్లతో భాగిస్తే ఆ ఫ్రీక్వెన్సీ వస్తుంది. సెకనుకు 200 మీటర్ల వేగం, 25 మీటర్ల మందం ఉంటే 2 హెర్ట్జ్. మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ శిఖరాన్ని గీసి చేతికిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి ఉద్యోగానికి కావలసిన నైపుణ్యం మొదలయ్యేది అక్కడి నుంచే.

ముందుగా ఆ శిఖరం వెనకున్న తరంగాలను అర్థం చేసుకోవాలి. లార్డ్ రేలీ 1885లో గణితంతో ఊహించిన రేలీ తరంగాలు నేల ఉపరితలం వెంట సాగుతూ ప్రతి రేణువునూ దీర్ఘవృత్తంలో తిప్పుతాయి. లోపలంతా ఒకే రకం గట్టి రాయి అయితే నిలువు కదలిక అడ్డుకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. గట్టి రాయి మీద మెత్తటి పొర ఉంటే ఆ ఆకారం ఫ్రీక్వెన్సీని బట్టి మారిపోతుంది. పొరకూ రాయికీ తేడా బాగా ఎక్కువైతే, ఒకచోట నిలువు కదలిక దాదాపు మాయమవుతుంది. ఈ దీర్ఘవృత్తపు నిష్పత్తినే ఎలిప్టిసిటీ అంటారు. లోపలి పొరల వేగాల గురించిన సమాచారం శిఖరం ఒక్కదానిలోనే కాదు, ఈ వక్రరేఖ మొత్తంలో ఉంటుంది.

చిక్కు ఏమిటంటే, రికార్డులో రేలీ తరంగాలే ఉండవు. లవ్ తరంగాలు, లోపలి నుంచి వచ్చే తరంగాలు కూడా కలిసిపోతాయి. వాటిని వదిలించుకోవడానికి 2009లో రేడెక్ అనే పద్ధతి ప్రచురితమైంది. నిలువు సంకేతం సున్నాను దాటే ప్రతి క్షణం దగ్గరా చిన్న ముక్క కోస్తారు. అడ్డు సంకేతాన్ని పావు చక్రం జరిపి, నిలువుతో బాగా పొసిగే దిశలో తీసుకుంటారు. ఇలాంటి ముక్కలు వేలకొద్దీ కూడితే, నిలువుతో సంబంధం లేనివి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లవ్ తరంగాలకు నిలువు కదలికే లేదు కాబట్టి అవి బాగా తగ్గిపోతాయి.

అభ్యర్థి సత్తా తేల్చే ప్రశ్న ఒకటుంది: ఎలిప్టిసిటీ ఒక్కటే ఉంటే నేల లోపలి వేగాలు చెప్పగలరా? చెప్పలేరు. వేగాలనూ మందాలనూ ఒకే నిష్పత్తిలో పెంచినా వక్రరేఖ కదలదు. అందుకే కొన్ని సెన్సర్లను వరసగానో వృత్తంగానో పరిచి కొలిచే డిస్పర్షన్ వక్రరేఖనో (ఫ్రీక్వెన్సీతో తరంగ వేగం ఎలా మారుతుందో చూపేది), సుత్తి దెబ్బతో ఉపరితల తరంగాల వేగం కొలిచే ‘మాస్వ్’ పద్ధతి ఫలితాన్నో జతచేయాలి. ఇంకో ఉచ్చు మోటార్లు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే యంత్రం దగ్గర్లో ఉంటే 25 హెర్ట్జ్ దగ్గర సన్నని శిఖరం లేచి నేల స్వభావంలా భ్రమింపజేస్తుంది. మూడు దిశల స్పెక్ట్రాలనూ విడివిడిగా చూస్తే దొంగ దొరుకుతాడు.

ఈ రంగంలోకి దారులు హైదరాబాద్, విశాఖల నుంచే ఉన్నాయి. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో జియోఫిజిక్స్ పీజీ ఉంది. ఐఐటీ బాంబేలో అప్లైడ్ జియోఫిజిక్స్ ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో పీహెచ్‌డీ చేయాలంటే నెట్ ఫెలోషిప్ పెద్ద ఆసరా. గేట్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ పేపర్ ఉంది. సివిల్ చదివినవారికి ఐఐఐటీ హైదరాబాద్‌లోని ఎర్త్‌క్వేక్ ఇంజినీరింగ్ కేంద్రం, ఐఐటీ రూర్కీ సరిపోతాయి. జియలాజికల్ సర్వేలో జియోఫిజిసిస్టు కావాలంటే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వారూ దీనికి అర్హులే. ఈ సంగతి తెలియక వదులుకునే వారు తక్కువేం కాదు.

పోస్టులు తక్కువ, ఇది దాచాల్సిన పని లేదు. హెచ్/వీ ఒక్కటే తెలిసిన మనిషికి కొలువు దొరకడం కష్టం. మెట్రో, ఆనకట్ట, పవన విద్యుత్ ప్రాజెక్టుల సైట్ పరిశోధన చేసే కన్సల్టెన్సీలు ఫోరియర్ విశ్లేషణతో పాటు మాస్వ్, పైథాన్, నివేదిక రాసే ఓపిక ఉన్నవారిని వెతుక్కుంటాయి. ఈ పనికి వాడే జియాప్సీ, ఆబ్స్‌పై సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ముందు వీటిలో చేయి తిరిగితే, ఖరీదైన సర్టిఫికెట్ కోర్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు విజయవాడ మంచి చోటు. ఇంద్రకీలాద్రి రాతి మీద ఒక రికార్డు తీసుకుని, అక్కడి నుంచి కృష్ణా నది ఒండ్రు మీదుగా వరసగా మరికొన్ని తీసుకుంటే, శిఖరమే లేని వక్రరేఖ నుంచి స్పష్టమైన శిఖరం దాకా జరిగే మార్పును వెంబడించవచ్చు. గాలివానలో రికార్డులు తీయవద్దని 2004 నాటి ఐరోపా సెసమి మార్గదర్శకాలు హెచ్చరిస్తాయి. కాబట్టి ఫీల్డు పనిని జనవరి, ఫిబ్రవరిల్లో పెట్టుకుని, ట్రాఫిక్ పలచబడే వేళ సెన్సర్ దించడం మేలు.