ఈసీలో కనపడని దోషం

ప్రశ్న: మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర ఉద్యోగం వచ్చింది. కరీంనగర్ నుంచి అక్కడికి మారాలి. పారిశ్రామికవాడకు కిలోమీటరున్నర దూరంలో 150 గజాల్లో ఉన్న పాత ఇల్లు బేరం కుదిరింది. 2 లక్షలు బయానా ఇచ్చాం. చేతిలో రసీదు ఒక్కటే ఉంది. నెలలోపు అగ్రిమెంటు రాసుకోవాలి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసినవాళ్లు అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. కానీ మొన్న రాత్రి వెళ్తే మందుల వాసన ఘాటుగా వచ్చింది. బోరు నీళ్లు బకెట్లో పట్టి ఉంచితే తెల్లారేసరికి పసుపు పచ్చగా తిరిగాయి. ఇల్లు అమ్మే ఆయన "అన్ని చోట్లా అంతే" అంటున్నారు. మా అత్తమ్మకు ఆస్తమా, బాబుకు నాలుగేళ్లు. ఇలాంటివి అడిగే హక్కు కొనేవాళ్లకు ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉందమ్మా. ఇంకా అగ్రిమెంటు మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఆ హక్కు ఇప్పుడు మీ చేతిలో పూర్తిగా ఉంది. పెట్టాక సగమే మిగులుతుంది.

ముందు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) సంగతి. ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానాలు, అంతవరకే అందులో కనిపిస్తాయి. బోరులో ఏముందో, పక్క వాగులోకి ఎవరు ఏం వదిలారో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తెలియదు. ముప్ఫై ఏళ్ల ఈసీ తీసి, తాతల నాటి లింకు డాక్యుమెంట్లు తిరగేసి, తీరా ఒక్క లోటా నీళ్లు పరీక్ష చేయించకుండా ఇల్లు కొన్నవాళ్లను నా వృత్తిలో చాలామందిని చూశాను. మీరు బకెట్లో నీళ్లు పట్టి తెల్లారేదాకా ఉంచి చూశారు. చాలా మంచి పని చేశారు.

ఇక చట్టం. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులో సెక్షన్ 55(1)(ఎ) అమ్మేవారి మీద ఒక బాధ్యత పెట్టింది. ఆస్తిలో ముఖ్యమైన లోపం ఏదైనా ఉండి, అది తనకు తెలిసి, కొనేవారికి తెలియకపోతే, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారికి దొరకనిదైతే, దాన్ని దాచకుండా చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసం కిందికి వస్తుందని అదే సెక్షన్ చివర ఉంది. తాగడానికి పనికిరాని బోరు, రసాయనం ఇంకిన నేల ఈ లోపాల్లోకే వస్తాయని నా అభిప్రాయం. ఏ కేసుకు ఆ కేసు సాక్ష్యాన్ని బట్టి కోర్టు తేలుస్తుంది.

ఆ సెక్షన్‌లోని "మామూలు జాగ్రత్త" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. అది మీకు రక్షణ, అదే మీ మీద బరువు కూడా. వాసన మీకు తగిలింది, నీళ్ల రంగు మీరు కళ్లారా చూశారు. రేపు కోర్టుకు వెళ్తే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న "తెలిసే కొన్నారు కదా?" అనే. దానికి జవాబు ఇప్పుడే కాగితం మీద తయారుచేసుకోవాలి. అందుకే నోటిమాటతో సరిపెట్టకుండా అమ్మే ఆయనకు ఒక ఉత్తరం రాయండి. బోరు ఎప్పుడు వేశారు, ఎన్ని అడుగులు, నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా, ఆ రిపోర్టు ఉందా, ఇంట్లో తాగడానికి ఏ నీళ్లు వాడారు, కాలుష్యం గురించి ఎవరైనా ఫిర్యాదు చేశారా, నష్టపరిహారం తీసుకున్నారా, ఈ స్థలంలో ముందు గోదాముగానీ ఫ్యాక్టరీగానీ ఉండేదా. ఇవి అడిగి, జవాబు రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్‌లో జవాబిచ్చినా పనికొస్తుంది. ఆ ఫోను, ఆ చాట్ అలాగే ఉంచుకుంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో కోర్టులో పెట్టవచ్చు. అబద్ధం రాసిస్తే రేపు అదే మీ కేసు. అసలు రాసివ్వనంటే ఆ మౌనమే మీకు సమాధానం.

అగ్రిమెంటు ముసాయిదాలో ఒక వాక్యం కోసం వెతకండి. "కొనుగోలుదారులు ఆస్తిని స్వయంగా పరిశీలించి పూర్తిగా సంతృప్తి చెందినారు" అనో, "ఉన్నది ఉన్నట్టుగా" అనో దస్తావేజు రాసేవాళ్లు అలవాటుగా రాసేస్తారు. సెక్షన్ 55లోని బాధ్యతలు ఒప్పందంలో వేరే షరతు లేనప్పుడే వర్తిస్తాయి. ఆ ఒక్క వాక్యంతో మీ హక్కు చేజారిపోవచ్చు. దాన్ని కొట్టేయించి, నీళ్ల పరీక్షలో దోషం తేలితే బయానా మొత్తం తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించండి.

మీరు వెళ్తున్న చోటు గురించి కొంత చెప్పాలి. పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ 1970ల నుంచి మందుల, రసాయనాల పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థాలు చెరువుల్లోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీర వైపు పోయాయి. దీని మీద 1990లో సుప్రీంకోర్టులో పడిన ప్రజాహిత వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు దాకా వచ్చింది. ఇరవై ఏడేళ్లు! ఆ ఊళ్ల రైతుల తరఫున పోరాడినవాళ్లలో అక్కడే వైద్యం చేసిన డాక్టర్ కిషన్ రావు పేరు ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొస్తున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనపడింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. కాలుష్య తీవ్రతను బట్టి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 43 ప్రాంతాలను అతి తీవ్రమైనవిగా గుర్తిస్తే, మన దగ్గర విశాఖపట్నంతో పాటు పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. అక్కడ వేల కుటుంబాలు బతుకుతున్నాయి. ఒక వీధి బోరు పాడైతే పక్క వీధి బోరు బాగుండవచ్చు. భూమి లోపల నీళ్లు రాతి పగుళ్ల వెంట నడుస్తాయి, మనం గీసిన గీతల వెంట నడవవు. అందుకే ఊరి పేరు చూసి వద్దనుకోవడం ఎంత తప్పో, పక్కింటివాళ్లు బాగున్నారు కదా అని కొనడం అంత తప్పు. మీ ఇంటి నీళ్లు మీరు చూసుకోవాలి.

పసుపు రంగు సంగతి చెప్తాను. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ ఉంటే గాలి తగిలాక అలా తిరుగుతాయి. అది ఒక్కటే అయితే పెద్ద భయం లేదు. అసలు భయం రంగూ వాసనా లేనివాటితో. ఆర్సెనిక్, సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇవన్నీ తాగునీటి జాతీయ ప్రమాణం ఐఎస్ 10500లో ఉన్నవి. ఆర్వో మెషిన్ అమ్మే కుర్రాడు పుల్ల లాంటి మీటరు ముంచి చెప్పే టీడీఎస్ అంకెతో వీటిలో ఒక్కటీ తెలియదు. కాచినా లోహాలు పోవు, నైట్రేటు పోదు, నీళ్లు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్లి, పారిశ్రామికవాడ పక్క బోరు అని చెప్పి, మామూలు పరీక్షలతో పాటు భార లోహాలు, సీఓడీ (కెమికల్ ఆక్సిజన్ డిమాండ్), ఆవిరయ్యే ద్రావకాలు కూడా చూడమనండి. నమూనా పట్టేటప్పుడు అమ్మే ఆయనను పక్కన ఉండమని ఫోటో తీసుకోండి. ల్యాబ్ ఇచ్చిన సీసాలోనే పట్టండి. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పట్టిన నమూనాను కోర్టులో ఎవరూ లెక్కచేయరు.

వాసన రాత్రి వచ్చిందన్నారు. చల్లటి రాత్రుల్లో గాలి కదలక నేలబారుగా నిలిచిపోయి, వదిలిన వాయువులు పైకి పోకుండా ఇళ్ల మీదే ఉంటాయి. కాబట్టి పగలు పదకొండింటికి చూపించే ఇంటిని తెల్లవారుజామున నాలుగింటికి కూడా చూడండి. మీ అత్తమ్మను చూసే ఛాతీ డాక్టరుకు ఈ సంగతి చెప్పి ఆయన సలహా కాగితం మీద తీసుకోండి. ఆ వీధిలో పాలు పోసే ఆయనను అడగండి, పశువులకు ఏ నీళ్లు పెడతారని. పాత పహాణీలు (ఏటా పంట వివరాలు రాసే రెవెన్యూ రికార్డులు) తీయించండి. వరి అని రాస్తూ వచ్చిన సర్వే నంబరులో ఫలానా ఏడాది నుంచి పడావు అని మొదలైతే, ప్లాట్లు చేయడం వల్లనా, నీళ్లు చెడిపోవడం వల్లనా అని ఊళ్లో పెద్దమనుషులను అడగండి.

ఇక ఆఫీసుల పని. ఇది చాలామందికి తెలియదు, వకీళ్లలో కూడా కొందరు మరిచిపోతుంటారు. జల కాలుష్య నివారణ చట్టం 1974 సెక్షన్ 25(6) ప్రకారం, ఏ పరిశ్రమకు ఏ షరతులతో అనుమతి ఇచ్చారో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరును, ఆ వ్యర్థాలతో సంబంధం ఉన్నవారు గానీ బాధితులు గానీ పనివేళల్లో వచ్చి చూడవచ్చు. గాలి విషయంలో 1981 చట్టం సెక్షన్ 51 ఇలాంటి హక్కే ఇచ్చింది. ఆ పక్కన ఇల్లు కొనబోతున్నవారు సంబంధం ఉన్నవారేనని నా అభిప్రాయం. బయానా రసీదు పట్టుకుని మండలి సంగారెడ్డి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. కాదంటే కాదని రాసి ఇమ్మనండి.

దాంతో పాటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. మీ సర్వే నంబరు, గ్రామం పేరు రాసి, రెండు కిలోమీటర్ల లోపు ఉన్న రెడ్ కేటగిరీ (కాలుష్యం ఎక్కువగా ఉండే) పరిశ్రమల జాబితా, గత మూడేళ్లలో వాటికి ఇచ్చిన నోటీసులు, మూసివేత ఉత్తర్వులు, ఆ ఊరి భూగర్భజల పరీక్షల ఫలితాలు అడగండి. వ్యాపార రహస్యం అని తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఆ మినహాయింపు చెల్లదని సెక్షన్ 8(1)(డి)లోనే ఉంది. పెద్ద పరిశ్రమల పర్యావరణ అనుమతి పత్రాలు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో డబ్బు కట్టకుండానే చూడవచ్చు. ఇంకో మాట: పాత విషం మిగిలిపోయిన స్థలాలను గుర్తించి శుభ్రం చేయించడానికి విడిగా నిబంధనలు 2025 జులైలో వచ్చాయి. మీ సర్వే నంబరు అలాంటి అనుమానిత స్థలాల్లో ఉందా అని కలెక్టరు కార్యాలయానికి ఇంకో దరఖాస్తు వేసి అడగండి.

ఈ కాగితాలకు ఇంత పట్టు ఎందుకంటే, నాకు ఎల్జీ పాలిమర్స్ గుర్తొస్తుంది. విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1960ల నాటిది, ఊరు దాని చుట్టూ తర్వాత పెరిగింది. చేస్తున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని కంపెనీయే 2019లో అధికారులకు అఫిడవిట్ రాసిచ్చింది. ఆ కాగితం అంతకు ఏడాది ముందే ప్రభుత్వ ఫైలులో ఉంది. గోడ అవతల పడుకున్నవాళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

కొన్నాక సమస్య బయటపడితే దారి మూసుకుపోలేదు. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి రెండు తెలుగు రాష్ట్రాలూ వస్తాయి. కాలుష్యం ఆపించడానికైతే కారణం మొదలైన ఆరు నెలల్లో వెళ్లాలి, నష్టపరిహారానికి ఐదేళ్లు. స్వచ్ఛమైన గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ నీళ్ల రక్షణకు సంబంధించిన 1999 నాటి ఎం.వి. నాయుడు కేసులో, ఒక పరిశ్రమ వల్ల హాని లేదని రుజువు చేయాల్సిన భారం దాన్ని పెట్టాలనుకునేవారిదే అంది. మన నేల మీద పుట్టిన తీర్పు అది, పదేపదే వాడుకోవాల్సిన తీర్పు.

ఇది చదివే మిగతావారికి ఒక మాట: కొత్త అపార్ట్‌మెంటు కొనేవారికి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 12 ఉంది. బ్రోచరులో "స్వచ్ఛమైన గాలి" అని ముద్రించి అది అబద్ధమని తేలితే, కట్టిన డబ్బు వడ్డీతో, పరిహారంతో వెనక్కి అడగవచ్చు. బ్రోచరు పారేయకండి.

మీరు స్త్రీ కాబట్టి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల సంస్థ ఉచిత వకీలును ఇస్తుంది, ఫోను 15100. నా సలహా అడిగితే, ఆ ఊళ్లోనే కొనాలని ఉన్నా తొందరపడొద్దు. అగ్రిమెంటు గడువు ఇంకో నెల పెంచమని అడగండి. ఆ మధ్యలో మీ ఆయనను ఒక్కరినే అక్కడ గది అద్దెకు తీసుకుని ఉండమనండి. ఉత్తరం ఈ సోమవారమే పోస్టు చేయండి, నీళ్లు అదే వారం ల్యాబ్‌కు పంపండి. రిపోర్టు చెడుగా వస్తే దాని నకలు జతచేసి బయానా తిరిగి ఇమ్మని నోటీసు ఇవ్వాలి. అప్పుడు నాకు మళ్లీ రాయండి, నోటీసు ముసాయిదా పంపుతాను.