గాలికి ఊగు స్తంభము

ద్రాక్షారామము గోదావరీ డెల్టాలోని ప్రసిద్ధ శైవక్షేత్రము, పంచారామములలో నొకటి. ఆ యూరి చుట్టును వరిచేలు కనుచూపుమేర పరచుకొని యుండును. కొండలు లేని ఆ సమతలమున సముద్రపు గాలికి అడ్డు చాల తక్కువ. అట్టి చోట రేడియో ఏరియలు కొరకు ఎత్తైన సరుగుడు వాసమును నాటినచో, దానికి గాలితో నిత్యము పోరు తప్పదు.

పెనుగాలి స్తంభమును విఱుచునని యెల్లరు నెఱుగుదురు. కాని మెల్లగా, ఎడతెగక వీచు గాలియు దానికి శత్రువు కాగలదు. ఇది వింతగా దోచును, కారణము వినుడు.

పంటకాలువలో పాతిన గుంజను చూడుడు. నీరు దాని నొరసికొని పోవునపుడు గుంజ వెనుక చిన్న సుడులు పుట్టి, ఒకటి కుడివైపున, వేఱొకటి ఎడమవైపున, వంతులవారీగా విడివడి సాగిపోవును. గాలియు నిట్లే చేయును. కాని ఆ సుడులు కంటికి కానరావు. ఒక్కొక్క సుడి విడివడునపుడు స్తంభము కొంచెము ప్రక్కకు లాగబడును. అందుచే నది గాలి వీచు దిక్కునకు అడ్డముగా ఊగును.

గాలికి తీగలు మ్రోగుటను గూర్చి 1878లో చెక్ శాస్త్రజ్ఞుడు స్ట్రౌహల్ పరిశోధించెను. గాలి వేగము హెచ్చినకొలది ఆ మ్రోత స్థాయి పెరుగుననియు, తీగ లావైనకొలది తగ్గుననియు ఆయన కనుగొనెను. సుడులకును ఇదియే నియమము. 10 సెంటీమీటర్ల లావుగల వాసముపై గంటకు 18 కిలోమీటర్ల గాలి వీచినచో, సెకనుకు సుమారు 10 జతల సుడులు విడివడును.

అట్లతద్దినాడు ఉయ్యెల నూపు బాలికలు బలమంతయు జూపనక్కఱలేదు. ఉయ్యెల వచ్చు వేళ కనిపెట్టి మెల్లగా త్రోసినను అది పైపైకి లేచును. స్తంభమునకును ఊగుటలో తనదైన లయ కలదు. సుడుల లయ దానితో నేకమైనచో చిన్న తోపులే కూడి పెద్ద కదలిక యగును. ఇట్లు పలుమాఱులు వంగి వంగి కఱ్ఱ నారలు అలయును, కట్లు సడలును, తుదకు మొదట పగులు పుట్టును. పిదప తుపాను వచ్చినపుడు ఆ పగులే స్తంభమును కూల్చును.

1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను ఈ డెల్టాను అతలాకుతలము చేసెను. వెయ్యిమందికి పైగా మరణించిరి. విద్యుత్తు, టెలిఫోను తీగలు తెగిపోయెను. అట్టి ఆపదలో తీగలతో పని లేక వార్త నందింపగలది రేడియో. ఏరియలు కూలినచో దాని గొంతు మూగవోవును.

నివారణోపాయము కష్టమైనది కాదు. సుడులన్నియు ఒకే లయలో విడివడకుండ జేసిన చాలును. మొదట లావై, చివర సన్నమైన వాసము కొంత మేలు. దాని లావు మాఱినట్లే సుడుల లయయు ఎత్తునుబట్టి మాఱును. స్తంభమునకు మూడు దిక్కుల కట్టిన తీగలు దాని ఊగుటను తగ్గించును. కఱ్ఱచుట్టును లావుపాటి త్రాటిని మెట్లు మెట్లుగా చుట్టినను సుడుల వరుస చెదరును. ఎత్తైన పొగగొట్టములకు ఇట్టి చుట్టుపట్టీలు అమర్చు పద్ధతిని 1950ల దశకమున బ్రిటనులో స్క్రూటన్ మున్నగువారు పరిశోధించి నిరూపించిరి.

శత్రువు బలమును మాత్రమే గాక, దాని పద్ధతిని గూడ నెఱిగినవాడే దానిని జయించును. తుపాను రాకముందే కట్లు పరీక్షించి, పగులు కనిపెట్టుట వివేకము.

ప్రశ్నలు

1. మెల్లని గాలియు స్తంభమునకు హాని చేయుటకు కారణమేమి?
2. ఉయ్యెలకును స్తంభమునకును గల పోలికను వివరింపుము.
3. స్తంభము ఊగకుండ చేయుటకు గల ఉపాయములెవ్వి?