మొక్కపాటివారి పార్వతీశం

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి ఉద్యోగం కోసం కొత్తగా వచ్చే తెలుగు యువకులు ఎందరో. ఊరు కొత్త, కన్నడం రాదు, దారి అడగాలంటే సిగ్గు. అన్నీ తెలిసినవాడిలా హోసూరు రోడ్డు వెంట నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి తిరిగి వస్తారు. ఇటువంటి కొత్త ప్రయాణికుని పాట్లను సుమారు నూరేళ్ల కిందటే నవలగా మలచి తెలుగువారిని కడుపుబ్బ నవ్వించినవారు మొక్కపాటి నరసింహశాస్త్రిగారు.

ఆయన 1892లో గోదావరి సీమలో జన్మించారు. స్కాట్లాండు దేశంలోని ఎడింబరో నగరానికి వెళ్లి వ్యవసాయశాస్త్రం చదివారు. 'బారిష్టరు పార్వతీశం' నవల మొదటి భాగం 1924లో వెలువడింది. రచయితే బారిష్టరని కొందరు పొరబడుతుంటారు గాని, ఆయన న్యాయవాది కారు. అయితే పార్వతీశం చేసిన సముద్ర ప్రయాణం ఆయన ఎరిగినదే.

పార్వతీశం మొగల్తూరు కుర్రవాడు. బారిష్టరు కావాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరుతాడు. పడవ, రైలు, ఓడ అన్నీ అతనికి వింతలే. దొరలా కనిపించాలని మద్రాసులో ఒక టోపీ కొంటాడు. అది ఆడవాళ్లు పెట్టుకునే టోపీ! ఆ సంగతి తెలియక దర్జాగా తిరుగుతుంటే చూసినవాళ్లు నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో అతనికి అంతుపట్టదు. అడుగుదామంటే, తనకేమీ తెలియదని బయటపడిపోతుంది కదా! చిక్కంతా అక్కడే ఉంది.

ఈ కథను చెప్పేది మరెవరో కాదు, పార్వతీశమే. తన తెలివితక్కువ పనులను తానే తాపీగా వివరిస్తాడు. పల్లెటూరివాణ్ణి ఎగతాళి చేయడం ఎవరికైనా తేలికే. మొక్కపాటివారు ఆ పని చేయలేదు. అందువల్ల పాఠకుడు పార్వతీశాన్ని చూసి నవ్వుతూనే, అతనికి ఏ ఆపదా రాకూడదని కోరుకుంటాడు. ఈ నవల పేరుతో 1940లో చలనచిత్రం కూడా వచ్చింది.

తరువాతి రెండు భాగాలు చాలాకాలానికి గాని వెలువడలేదు. వాటిలో పార్వతీశం ఎడింబరోలో న్యాయశాస్త్రం చదివి స్వదేశానికి తిరిగివస్తాడు, జాతీయోద్యమంలో పాల్గొంటాడు. హాస్యం మొదటి భాగంలో పండినంతగా వీటిలో పండలేదు. అప్పటికి అతనికి లోకం తెలిసివచ్చింది మరి! మొక్కపాటివారు 1973లో కన్నుమూశారు.