ముసురు పట్టకముందే: పెరటి తేనెటీగలు నేర్పిన పాఠాలు

మంచు కురిసే దేశాల్లో తేనెటీగలకు చలికాలం గండం. మా మర్రిపాడు వైపు గండమంతా ముసురుతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం మాకు పెద్ద వాన. ఆ వానలో ఈగ బయటికి పోలేదు, పోయినా తడిసిన పువ్వులో దానికి దొరికేది తక్కువ. పెరట్లో పుట్ట తేనెటీగల్ని పెంచుతూ నేర్చుకున్నవి ఇవి.

1. వాటి తిండి వాటికి వదలండి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చిన వారం నా పెట్టె ఒకటి పోయింది. దసరాకు చుట్టాలొచ్చారని తేనంతా పిండేశాను. వాన వెలిశాక మూత తీస్తే, ఈగలు ఖాళీ గదుల్లోకి తలలు దూర్చి చచ్చిపడి ఉన్నాయి. అప్పటి నుంచి ఈగ పిల్లలు పెరిగే అరలోని తేనె ముట్టలేదు.

2. చిత్త కార్తెకు ముందే పెట్టెను వెనక నుంచి కొంచెం ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే తిండి తక్కువైనట్టే. పంచదార, కాచి చల్లార్చిన నీళ్లు సమపాళ్లలో కలిపి, పొద్దుగూకాక పెట్టె లోపలే పెట్టండి. బయట ఒలికితే పక్క పెట్టె ఈగలు దోపిడీకొస్తాయి. బెల్లం వద్దు, వాటి కడుపు చెడుతుంది. ఆకలి ముదిరితే ఈ జాతి ఈగలు పెట్టె వదిలి లేచిపోతాయి కూడా.

3. ఈగలు కప్పలేని పాత మైనపు అట్టలు తీసేయండి. మైనపు పురుగు గూడు అల్లేది వాటిలోనే. అడుగు పలక గీకి శుభ్రం చేయండి.

4. వాకిలి తూర్పుకుండాలంటారు. మన జడివాన కొట్టేదీ ఆ వైపు నుంచే. అందుకే వాకిలి మీదికి చిన్న చూరు దించాను, నీళ్లు నిలవకుండా పెట్టెను ముందుకు కాస్త వంచాను. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు.

5. ముసురులో మూత తీయకండి. పిల్లలకు వెచ్చదనం పెద్ద ఈగల ఒంటి నుంచే. ఎండ కాసిన పూట చూసి, వెంటనే మూసేయండి.

6. పక్క చేను మీద కూడా కన్నుండాలి. కంది పూతలో ఉన్నప్పుడు గట్టు మీదికి వెళ్లి, "మందు కొట్టక తప్పకపోతే, ఈగలు గూటికి చేరాక కొట్టు నాయనా" అని ఆ రైతును అడుగుతాను.

సంక్రాంతి దాటితే మామిడి, నిమ్మ, బత్తాయి పూస్తాయి. మన వాటా అప్పుడు అడుగుదాం. ముసురు దాటి బతికిన ఈగే ఆ పూత మీద వాలేది.